ఉగాది ప్రదర్శనకు పది పేర్లు కావాలి: చేసే పనితోనే ఊరికి మేలు చేసిన చెన్నై తెలుగువాళ్లు ఎవరు?

షోలింగనల్లూరు శ్రీను:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్లలోని తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఈ ఉగాదికి పాటలు, పులిహోరతో సరిపెట్టకుండా చిన్న ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాం. పది బొమ్మలు, ఒక్కోదాని కింద పది పన్నెండు వాక్యాలు. తమ వృత్తినీ, తమకున్న ఇష్టాన్నీ నలుగురికి పనికొచ్చేలా మలచుకున్నవాళ్ల గురించి. చూడబోయేది ఎక్కువగా హైస్కూలు పిల్లలు. నాయకత్వం అంటే ఎన్నికల్లో నిలబడటం, కొత్తది కనిపెట్టడం అంటే ఫోనులో యాప్ తయారు చేయడం అన్నంతవరకే వాళ్లకు తెలుసు.

సంఘం కార్యదర్శిగారు నా చేతికిచ్చిన జాబితా ఇది: కాశీనాథుని నాగేశ్వరరావు, దుర్గాబాయి దేశ్‌ముఖ్, పొట్టి శ్రీరాములు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి, యల్లాప్రగడ సుబ్బారావు. ఏడుగురే అయ్యారు. మిగతా ముగ్గురు ఎవరో చెప్పండి. ఉన్నవాళ్లలో తీసేయవలసినవాళ్లు ఉన్నా మొహమాటపడకండి.

మైలాపూరు తాతగారు:
మొహమాటం వద్దన్నావు కాబట్టి తీసివేతలతోనే మొదలుపెడతాను శ్రీనూ. ముత్తులక్ష్మిగారు తెలుగావిడ కారు, పుదుక్కోట్టైలో పుట్టిన తమిళురాలు. పేరు చివరి రెడ్డి భర్త సుందర రెడ్డిగారిది. మీ కార్యదర్శిగారు పేరు చూసి మనవాళ్లలో కలిపేసుకున్నట్టున్నారు. విశ్వేశ్వరయ్యగారి పూర్వులది మన మోక్షగుండమే, కాదనను. కానీ ఆయన పనంతా పుణె, హైదరాబాదు, మైసూరు వైపు సాగింది. ఆయన్ను బెంగళూరువాళ్ల ఉగాదికి వదిలేద్దాం.

ఇక చేర్చవలసిన పేరు ఒకటి. మీరంతా చీరలు కొనడానికి వెళ్లే టి.నగర్ ఎవరి పేరో మీ పిల్లల్ని అడగండి. పిట్టి త్యాగరాయ చెట్టి. సొంతంగా మగ్గాల కర్మాగారం నడిపిన వ్యాపారి, నేతపని చేసే దేవాంగుల బిడ్డ. 1920లో మద్రాసు రాష్ట్ర ఎన్నికల్లో ఆయన పార్టీ, జస్టిస్ పార్టీ, గెలిచినప్పుడు ముఖ్యమంత్రి పదవి తన ముంగిట్లోకి వస్తే వద్దన్నారు. అదే ఏడాది మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండి, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించారు. ఒక్కో పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని లెక్క. మన దేశంలో బడిలో అన్నం పెట్టడమనే ఆలోచనకు మొదటి అడుగుల్లో అదొకటి.

కాగడా:
తాతగారూ, ఆ పథకం ఎన్నాళ్లు నడిచిందో కూడా చెప్పండి.

మైలాపూరు తాతగారు:
చెబుతాను, దాచేదేముంది! ప్రాథమిక విద్య నిధుల నుంచి అన్నానికి ఖర్చు పెట్టకూడదని ప్రభుత్వం అడ్డుపడటంతో 1925లో ఆగిపోయింది. త్యాగరాయ చెట్టిగారు పోయిందీ ఆ ఏడాదే. కానీ 1956లో కామరాజ్ దాన్ని రాష్ట్రమంతటికీ తెచ్చారు, 1982లో ఎం.జి.ఆర్. ఇంకా పెంచారు, 2022లో పొద్దుటి పలహారం కూడా కలిసింది. మొదలుపెట్టినవాడి చేతిలో ఆగిన పని ముప్పై ఏళ్లకు మరొకరి చేతిలో లేచింది. పిల్లలకు ఈ సంగతి తెలియాలి. గెలుపులు మాత్రమే గోడకు తగిలిస్తే వాళ్లు నమ్మరు.

కాగడా:
నాకు అసలు విషయం మీదే అనుమానం. ‘వృత్తి, ఇష్టం, నాయకత్వం, సేవ’ అంటూ ఒకే తాడుకు కట్టే మాటలు ఈమధ్య ప్రతి సంస్థ గోడమీదా కనబడుతున్నాయి. నేను పనిచేసిన ఒక చోట ఏడాదికొకసారి ‘సేవా దినం’ జరిగేది. అందరికీ ఒకే రంగు టీషర్టు, బస్సులో ఒక చెరువు గట్టుకు ప్రయాణం, మొక్క పట్టుకుని ఫొటో. గుంతలు ముందే కూలీలు తవ్వి ఉంచేవారు. మేము మొక్క దించి, రెండు చేతులతో మట్టి తోసి, భోజనానికి వెళ్లేవాళ్లం. మరుసటి ఏడాది అదే గట్టుమీద అవే గుంతల్లో మళ్లీ నాటాం. నీళ్లు పోసే మనిషికి జీతం ఎవరిస్తారన్న మాట ఒక్క సమావేశంలోనూ రాలేదు.

అందుకని శ్రీనుగారూ, ఒక్కటే అడుగుతున్నాను. మీ పది బొమ్మల్లో ఉన్నవాళ్లు తమకు చేతనైన పనితో సేవ చేశారా, లేక పని ఒకటి, దానం మరొకటిగా ఉన్నాయా? రెండో రకం వాళ్లకు వేరే పండగ పెట్టండి.

పద్దులరాయుడు:
కాగడాగారూ, మీ గీత బాగానే ఉంది గాని మరీ బిగించకండి. లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను కాబట్టి నాగేశ్వరరావు పంతులుగారి సంగతి నాకు మహా ఇష్టం. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదట్లో సంగీత సభల్లో సీసాలు ఊరికే పంచారట. పాట వినడానికి వచ్చినవాడికి తలనొప్పి మందు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి తడుతుంది! ఆ లాభాలతో 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, 1914లో మద్రాసుకు చేరి దినపత్రిక అయింది, 1924లో భారతి మాసపత్రిక. ఆంధ్ర గ్రంథమాల పేరుతో చవకగా పుస్తకాలు వేశారు, గ్రంథాలయాలకు చేయూతనిచ్చారు.

మందుకూ పత్రికకూ ఏమిటి సంబంధం అంటే పైకి ఏమీ లేదు, ఇది మీ రెండో రకమే. కానీ ఆయన పత్రికకు చందా రాసి ఊరుకోలేదు, తానే సంపాదకుడిగా కూర్చున్నారు. సరుకు ఊరూరా చేర్చడం తెలిసిన మనిషి కాబట్టే చదువు కూడా అలాగే చేర్చాలనుకున్నారు. లజ్ దగ్గర ఆయన పేరుతో ఉన్న పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

వసంత (అడయారు):
నేను ఫిజియోథెరపిస్టును. ముత్తులక్ష్మిగారు తెలుగావిడ కాకపోయినా ఆ బొమ్మ తీయవద్దని నా మనవి. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన బాధతో మొదలైన ఆలోచన ముప్పై ఏళ్లకు గాని నెరవేరలేదు. 1954లో అడయారులో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మరుసటి ఏడాది చేరిన డాక్టర్ శాంత 2021లో కన్నుమూసేదాకా దాన్ని వదల్లేదు, 2005లో మెగసెసే పురస్కారం వచ్చాక కూడా. నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో ‘అడయారుకు తీసుకెళ్లారు’ అంటే ఏ జబ్బో అడగకుండానే అర్థమయ్యే ఇళ్లు ఎన్నో. మన జనం ఇన్నేళ్లుగా నమ్ముకున్న చోటుకు మన ఉగాదిలో ఒక బొమ్మ పెట్టడానికి కుల గోత్రాలు చూడాలా?

మైలాపూరు తాతగారు:
అమ్మా వసంతా, తెలుగువారు కారన్నాను గాని తీసేయమని గట్టిగా అనలేదులే. అన్నట్టే ఉంటే వెనక్కి తీసుకుంటున్నాను. శీర్షికలో ‘చెన్నై తెలుగువాళ్లు’ అన్నది ‘చెన్నైవాళ్లు’ అని మార్చుకో శ్రీనూ, గొడవ వదిలిపోతుంది.

పెన్నాతీరం:
సుబ్బారావుగారి గురించి రెండు మాటలు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, చివరికి ఎం.బి.బి.ఎస్.కు బదులు చిన్న పట్టాతో బయటపడ్డారు. ఈ ఊళ్లోనే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్లారు. మెథోట్రెక్సేట్ ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన బృందం నుంచి వచ్చిన క్యాన్సర్ మందు. వసంతగారు చెప్పిన ఆసుపత్రుల్లో దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి.

కాగడా:
బాగుంది. కానీ ఆయన నాయకుడా? జనం ముందుకు రావడమే ఇష్టం లేని మనిషి.

పెన్నాతీరం:
పరిశోధనశాలలో అంతమందిని నడిపినవాడు నాయకుడు కాకపోతే మరెవరండీ? మైకు పట్టుకోవడం తప్పనిసరా?

జార్జిటౌన్ టీచరమ్మ:
ఆలస్యంగా వచ్చాను, పరీక్షల కాలం. కాస్త పెద్దగానే రాస్తాను, విసుక్కోకండి.

నేను ఉత్తర చెన్నైలో చాలా ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పని చేసేవాళ్లు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి తాతల కాలంలో వచ్చి ఈ ఊరి వీధులు ఊడ్చినవాళ్లు, మురుగు కాలువలు బాగుచేసినవాళ్లు. చెన్నై తెలుగువాళ్లు అనగానే మనకు సినిమావాళ్లు, డాక్టర్లు, ఇప్పుడు ఓఎంఆర్ సాఫ్ట్‌వేర్‌వాళ్లు గుర్తొస్తారు. వీళ్లు రారు. శ్రీనుగారి జాబితాలోనూ లేరు.

పిల్లవాడు ‘మా నాన్న కార్పొరేషన్‌లో పని’ అని చెప్పి, ఏ పని అని అడిగేలోపు తల తిప్పుకునేవాడు. ఫారంలో తండ్రి వృత్తి అన్న గడి ఖాళీగా ఉంచి తెచ్చేవారు కొందరు. నేను పెన్సిలుతో ‘కార్పొరేషన్ ఉద్యోగి’ అని రాసి ఇస్తే దానిమీదే పెన్నుతో దిద్దుకునేవారు. ఇలాంటి పిల్లలు మీ ప్రదర్శనకు వస్తే తమ ఇంటిని ఏ బొమ్మలో చూసుకుంటారు?

అందుకని నా మొదటి పేరు బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల పట్టణంలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టారు. చెన్నై మనిషి కాదు, నిజమే. కానీ మనుషుల చేత మలం ఎత్తించే పనికి వ్యతిరేకంగా సఫాయి కర్మచారీ ఆందోళన్ కట్టి, 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని 2014లో తీర్పు వచ్చింది. 2023లో కోర్టు ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. 2016లో మెగసెసే పురస్కారం. నాకు వీటన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ పని ఎలా ఉంటుందో ఇంట్లో చూసి తెలుసుకున్న మనిషే దాన్ని ఆపడానికి ముందు నిలబడటం.

రెండో పేరు డాక్టర్ కె.ఎన్. కేసరి. ప్రకాశం జిల్లా పల్లెటూరి పేద పిల్లవాడు, చిన్నతనంలో మద్రాసు చేరి ఆయుర్వేదం నేర్చి కేసరి కుటీరం పెట్టారు. ఆడవాళ్ల జబ్బులకు ఆయన చేసిన లోధ్ర తెలుగు ఊళ్లలో తెలియని ఇల్లు లేదు. ఆ మందు కొనే ఆడవాళ్ల కోసమే 1928లో గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టారు. రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగి సత్కరించారు. టి.నగర్‌లో తెలుగు పిల్లలకు బడి. రాయుడుగారి అమృతాంజనం కథకు ఇది తోడు, అయితే ఇక్కడ మందు, పత్రిక, బడి ఒకదాని వెంట ఒకటి సహజంగా పుట్టాయి.

పద్దులరాయుడు:
టీచరమ్మగారూ, ఆ ఖాళీ గడి చదివాక నా పద్దుల గొడవ చిన్నదైపోయింది. కేసరిగారికి నా ఓటు.

వసంత (అడయారు):
టీచరమ్మగారి మాటకు తోడు ఒకటి చెప్పాలి. ఐఐటీ మద్రాసులో ఆచార్యుడు ప్రభు రాజగోపాల్ బృందం ‘హోమోసెప్’ అనే యంత్రం చేసింది. సెప్టిక్ ట్యాంకు అడుగున ఏళ్లతరబడి గట్టిపడిన బురద ఉంటుంది. గొట్టం వేసి పీలిస్తే పైనున్న నీరే వస్తుంది. మనిషి లోపలికి దిగవలసి వచ్చేది ఆ అడుగు గడ్డను కదిలించడానికే. ఈ యంత్రం చివర విచ్చుకునే రెక్కలు ఉంటాయి. మూతలోంచి ముడుచుకుని దిగి, లోపల విచ్చుకుని తిరుగుతూ గడ్డను చిలికి పలచన చేస్తాయి. అప్పుడు గొట్టం తన పని చేస్తుంది. 2022లో మొదటి యంత్రాలను సఫాయి కర్మచారీ ఆందోళన్ సహాయంతో స్వయం సహాయక బృందాలకు అందించారు. ఆ బృందాలను నడిపింది ఈ పనిలోనే భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు. శ్రీనుగారు అడిగిన మూడూ, అంటే కనిపెట్టడం, ముందుండి నడపడం, సేవ, ఇక్కడ ఒకే చోట ఉన్నాయి.

నా రంగంలోదీ ఒకటి. చక్రాల కుర్చీ అంటే కూర్చుంటే చాలు అనుకుంటారు. సీటు మనిషికన్నా వెడల్పుగా ఉంటే చేతులు ఎడంగా చాచి చక్రాలు తోయాలి, కొన్నేళ్లకు భుజం పాడవుతుంది. పాదాలు పెట్టే పలక మరీ ఎత్తుగా ఉంటే బరువంతా పిరుదుల మీద పడి పుండ్లు. దానంగా వచ్చే కుర్చీలు చాలావరకు అందరికీ ఒకే కొలత. పంచిన రోజు ఫొటో బాగుంటుంది, ఏడాది తిరిగేసరికి ఆ మనిషి నా దగ్గరికి భుజం నొప్పితో వస్తాడు. అదే ఐఐటీలో ఆచార్యురాలు సుజాతా శ్రీనివాసన్ నడిపే పరిశోధన కేంద్రం 2019లో ‘అరైజ్’ అనే నిలబెట్టే కుర్చీ తెచ్చింది. నడుము కింద చచ్చుబడినవాళ్లు దానిలో తామే లేచి నిలబడవచ్చు. మనిషి కొలతలు తీసుకుని చేసే కుర్చీలు కూడా ఆ కేంద్రం పనిలోంచి పుట్టిన సంస్థ నుంచి వచ్చాయి. కాగడాగారి చెరువుగట్టు మొక్కకూ దీనికీ తేడా కొలిచే టేపులో ఉంది.

కాగడా:
వసంతగారూ, ఇంతసేపు నేను చెప్పలేకపోయింది మీరు టేపుతో చెప్పారు. ఇక నా పేచీ ఒక్కటే మిగిలింది. ప్రతాప్ రెడ్డిగారు. 1983లో చెన్నైలో అపోలో పెట్టారు, అరగొండ నుంచి వచ్చి అంత ఎత్తుకు ఎదిగారు, గొప్పే. కానీ అది డబ్బు తీసుకుని వైద్యం చేసే వ్యాపారం. సేవ అంటారా?

పద్దులరాయుడు:
నాయకత్వం అనండి, కొత్త బాట అనండి, నాకు అభ్యంతరం లేదు. గుండె ఆపరేషనుకు విదేశాలకు పరుగెత్తే రోజుల్లో ఇక్కడే చేయించవచ్చని చూపించారు. సేవ అన్న ముద్ర వేయకుండా ఆ మాటే రాస్తే సరి. పిల్లలు పోల్చుకుంటారు. అన్నిటికీ ఒకే ముద్ర కొడితే మీ పది బొమ్మలూ ఒక్కలాగే కనిపిస్తాయి.

షోలింగనల్లూరు శ్రీను:
ఇంత చర్చ వస్తుందనుకోలేదు. దుర్గాబాయిగారి గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి?

మైలాపూరు తాతగారు:
ఆవిడ స్థానాన్ని కదిలించగల మొనగాడు ఈ వేదికలో ఉన్నాడా? అయినా బొమ్మ కింద ఏం రాస్తున్నావో చూసుకో. రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘ సభ్యురాలు అని పదవుల పట్టిక పెట్టకు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినప్పుడు అక్కడ చదువురాని ఆడవాళ్లు చట్టం తెలియక శిక్షలు అనుభవించడం చూశారు. లాయరు కావాలన్న పట్టుదల అక్కడే కలిగింది. అప్పటికి ఆవిడకే మెట్రిక్ లేదు. బయటికొచ్చి బెనారస్ మెట్రిక్ రాశారు, పై చదువులు చదివారు, 1942లో మద్రాసులో లా పూర్తి చేశారు. తాను కష్టపడి దాటిన ఆ మెట్రిక్‌కే మైలాపూరులో ఆడపిల్లలను కూర్చోబెట్టి తయారు చేశారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ అలా పెరిగింది. కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలన్నది ఆవిడ 1953లో చైనా చూసి వచ్చి చేసిన సూచన. చట్టం 1984లో వచ్చింది, ఆవిడ పోయిన మూడేళ్లకు.

జార్జిటౌన్ టీచరమ్మ:
పొట్టి శ్రీరాములుగారి బొమ్మలో కూడా నిరాహార దీక్ష ఒక్కటే పెట్టకండి. ఆయన బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వేలో పనిచేసిన మనిషి. నెల్లూరులో మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని దీక్ష చేసి సాధించారు. అట్టమీద నినాదాలు రాసి మెడలో వేసుకుని ఎండలో వీధులు తిరిగేవారు. విల్సన్ బొమ్మ పక్కన ఈయన ఉంటే మా పిల్లలకు రెండూ అర్థమవుతాయి. మద్రాసులో చేసిన ఆ దీక్షకు ముందు ఆయన ఏం చేశారో ఈ ఊళ్లో చాలామందికి తెలియదు.

మైలాపూరు తాతగారు:
నేను వృత్తికి సంబంధం లేదని ఆయన పేరు కొట్టేయబోయాను తల్లీ. శానిటరీ ఇంజనీరన్న సంగతి మంచి సమయంలో చెప్పావు.

ఓఎంఆర్ బాటసారి:
నేను ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ణే. ఒక ప్రశ్న. మాలాంటివాళ్లం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కంప్యూటర్ ముందే ఉంటాం. యంత్రం కనిపెట్టలేం, ఆసుపత్రి కట్టలేం. పిల్లలకు ఈ పెద్దవాళ్లను చూపిస్తే ‘మనవల్ల ఏమవుతుంది’ అనుకోరా?

పద్దులరాయుడు:
చూపులేని విద్యార్థుల పరీక్షలకు రాసిపెట్టే పని చేస్తుంటాను, ఆ సంగతి చెబుతాను. వాళ్లు చెబుతారు, మనం రాయాలి. వినడానికి తేలిక. ప్రశ్న చదివేటప్పుడు ఒక ఎంపిక దగ్గర గొంతు కాస్త ఎత్తామంటే జవాబు చెప్పేసినట్టే. నాలుగు ఎంపికలూ ఒకే గొంతుతో చదవాలి. అంకెల పట్టిక వస్తే ఏ వరుస ముందు చదవాలో విద్యార్థినే అడగాలి. నాకు లెక్కలు వచ్చు కాబట్టి వాణిజ్యశాస్త్రం పేపరుకు పిలుస్తారు. అయితే ఆ సబ్జెక్టు తెలిసినవాడు రాయకూడదని కొన్నిచోట్ల నిబంధన ఉంటుంది, అప్పుడు చరిత్ర పేపరుకు పంపుతారు. మనం రాకపోతే వాళ్లకు ఏడాది పోతుంది. అంచేత మాటిచ్చిన రోజు జ్వరమొచ్చినా ఎవరినో ఒకరిని కుదిర్చి పెట్టాలి. పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు బాబూ.

వసంత (అడయారు):
మా దగ్గరకొచ్చే ఒక కుర్రాడు సాఫ్ట్‌వేర్‌వాడే. మా రోగుల కొలతలు కాగితాల మీద పోతున్నాయని చిన్న పట్టిక తయారు చేసి ఇచ్చాడు. ఎవరికి ఏ నెలలో మళ్లీ కొలవాలో అది గుర్తు చేస్తుంది. మాకు కావలసింది అంతే.

కాగడా:
పదో బొమ్మకు ఇదే నా ప్రతిపాదన. పేరు లేకుండా ఖాళీ చట్రం, కింద రాయుడుగారి పరీక్ష గది నియమాలు.

మైలాపూరు తాతగారు:
ఖాళీ చట్రాలు, అద్దాలు పెట్టి ‘ఇది నువ్వే’ అనే తమాషాలు చాలా చూశాం కాగడా. రాయుడి నియమాలు మాత్రం పెట్టండి, చట్రం అక్కరలేదు.

షోలింగనల్లూరు శ్రీను:
సరే. ఇప్పటికి ఖాయమైనవి: త్యాగరాయ చెట్టి, నాగేశ్వరరావు పంతులు, కేసరి, దుర్గాబాయి, ముత్తులక్ష్మి-శాంత ఒకే బొమ్మలో, వారి పక్కన సుబ్బారావు, పొట్టి శ్రీరాములు పక్కన విల్సన్, ఐఐటీ బృందాల రెండు పనులు ఒక బొమ్మగా, పదోది రాయుడుగారి నియమాలు. ప్రతాప్ రెడ్డిగారి సంగతి కార్యదర్శిగారితో మాట్లాడాలి, లెక్క పదకొండవుతోంది. రాత ఎవరైనా సరిచూస్తే మేలు.

జార్జిటౌన్ టీచరమ్మ:
తెలుగు నేను చూస్తాను. తమిళంలో కూడా వేయించండి. మీ అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు చదవాలి కదా. మా పిల్లలకూ అదే నయం. ఇక్కడ బడుల్లో పదో తరగతికి తమిళం తప్పనిసరి అయ్యాక చాలామంది తెలుగు కూడబలుక్కుని చదువుతున్నారు, తమిళం గబగబా చదివేస్తారు. మా బడి నుంచి కొందరిని తీసుకురావాలని ఉంది. షోలింగనల్లూరుకు రానూపోనూ బస్సు ఖర్చు మీ సంఘం పెట్టుకుంటుందా?

షోలింగనల్లూరు శ్రీను:
పెట్టుకుంటుందండీ. ఎంతమంది వస్తారో చెబితే వ్యాను మాట్లాడతాను. భోజనం మా ఇళ్లలో.

మైలాపూరు తాతగారు:
వ్యాను మైలాపూరు మీదుగా వస్తే నన్నూ ఎక్కించుకోండి. ముందు సీటు కావాలి, మోకాళ్లు మడతపడవు.